మా అత్త వెనకాల వస్తోంది

ఇది సముద్రం దాటిన కథ. ఇందులో దీవి ఉంది, అడవి ఉంది, పడవ ఉంది, పడవవాడు ఉన్నాడు, ఆకాశవాణిలాంటి ఒక గొంతు కూడా ఉంది. తాటాకుల మీద రాసి, శాలువాలు కప్పుకున్న పెద్దమనుషుల చేత సభలో చదివించాల్సిన మహాకావ్యం.

కాదులెండి. నేను సెమిలిగుడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్లులు కొట్టే మనిషిని. వాడుకోని సెలవులు మురిగిపోతాయంటే అండమాన్ వెళ్ళాను. అక్కడ నన్నెవరో రెండుసార్లు పిలిచారు. కథ అంతే. మధ్యలో నా ఏడుపు కొంత ఉంటుంది, వీలైనంత తగ్గించి రాస్తాను.

దయ్యాల విషయంలో నా లెక్క ముందే చెప్పేస్తాను. మా ఆఫీసు వెనక లారీల షెడ్డులో దయ్యం ఉందని డ్రైవర్లందరూ అంటారు. మధ్యాహ్నం నేను అక్కడే కూర్చుని క్యారేజీ తింటాను. దయ్యం భయంతో ఇంకెవరూ రారు కాబట్టి ఫ్యాను గాలి మొత్తం నాదే. దయ్యాల వల్ల మనిషికి జరిగే ఉపకారం అదొక్కటే అనుకునేదాన్ని.

మాది ఒడిశాలో పద్మపూర్, గునుపూర్ దగ్గర. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వరి, పత్తి వేసుకుని ఉండిపోయినవాళ్ళం. మా నాన్న చెల్లెలు రవణత్త మాతోనే ఉండేది. పెళ్ళయిన కొద్దికాలానికే మావయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. మా ఇంటి ముందుగది ఆవిడ టైలరింగ్ షాపు. ఊళ్ళో తెలుగువాళ్ళవీ ఒడియావాళ్ళవీ జాకెట్లన్నీ ఆవిడ మిషను మీద నుంచి రావాల్సిందే. ఆడవాళ్ళ కొలతలన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఎవరు చిక్కారో, ఎవరు చిక్కామని అబద్ధం చెబుతున్నారో ఆవిడకి తెలిసినట్టు డాక్టర్లకి కూడా తెలియదు.

ఆవిడ నోట్లో ఎప్పుడూ దారం ముక్క ఉండేది. పళ్ళ మధ్య బిగించి పట్టుకునేది. మా వైపు ఆడపిల్లల్ని ‘అమ్మీ’ అని పిలుస్తారు. అమ్మీ అనాలంటే నోరు తెరవాలి, తెరిస్తే దారం జారిపోతుంది. అందుకని ఆవిడ మొదటి అక్షరం మింగేసి, పళ్ళ బిగువున, ముక్కులోంచి ‘మ్మీ’ అనేది. మరీ కోపం వస్తే చివర కొంచెం సాగదీసేది. ప్రపంచంలో నన్నలా పిలిచిన మనిషి ఆవిడొక్కతే.

ఆవిడకో నమ్మకం ఉండేది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే వెంటనే పలక్కూడదు. మూడోసారి కూడా పిలిస్తేనే పలకాలి. మనుషులైతే మళ్ళీ మళ్ళీ పిలుస్తారు, మనుషులు కానివాళ్ళు రెండుసార్లు పిలిచి ఊరుకుంటారు. చిన్నప్పుడు ఈ సూత్రం నాకు చాలా పనికొచ్చింది. కొట్టుకెళ్ళి గుండీలు తెమ్మని ఆవిడ పిలిచినప్పుడల్లా నేను పలకకుండా కూర్చునేదాన్ని.

“ఏటే, పలకవేటి?” అని అరిచేది.

“మూడోసారి పిలవలేదు కదత్తా.”

“ఓలమ్మీ! నానేటి దెయ్యాన్నేటే?”

ఈ మాటకి ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం.

అండమాన్ వెళ్ళాలన్నది నిజానికి నా కోరిక కాదు, ఆవిడది. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చినావిడ ఎవరో పోర్ట్ బ్లెయిర్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళొచ్చి, అక్కడి సముద్రం రంగులో ఒక చీర కొనుక్కుంది. దానికి సరిపోయే దారం కావాలంది. గునుపూర్ కొట్లన్నీ తిరిగినా మా అత్తకి ఆ నీలం దొరకలేదు. దగ్గరలో ఉన్న రంగుతో కుట్టి ఇచ్చింది, ఆవిడ చూసుకోలేదు కూడా. కానీ మా అత్తకి అది పంటి కింద రాయిలా ఉండిపోయింది. “ఆ నీలం ఉన్నాదో లేదో ఒకపాలి కల్లతో సూడాల” అనేది. మనుషులు దేవుణ్ణి చూడ్డానికి యాత్రలు చేస్తారు. మా అత్త షేడు చూడ్డానికి బయల్దేరింది.

నేను సెలవు పెట్టాను. మా నాన్న ఒప్పుకోలేదు.

“ఆడగుంట దీవికెల్లడమేటి? ఇనుకోడానికే బాగులేదు.”

“ఒక్కర్తేటి ఎల్లడం? నానెల్తన్నాను కదా” అంది అత్త. “అమ్మిని తీసుకెల్లి తీసుకొచ్చీ పూచీ నాది.”

“గునుపూర్ దాటి ఒక్కర్తివీ బస్సెక్కలేదు నువ్వు. నీకే ఒకలు పూచీ ఉండాల.”

“అయితే నాకు అమ్మి పూచీ. సరేనా?”

నాన్న తువ్వాలు దులుపుకుని పొలానికి పోయాడు. మా అత్త నా కుర్తాలన్నిటికీ లోపలివైపు జిప్పు జేబులు కుట్టింది. ఫోను, కార్డు, డబ్బులు అందులో ఉండాలి, బ్యాగు పోయినా మనిషి పోకూడదు అంది. ఆడవాళ్ళ ఒంటరి ప్రయాణాల గురించి నేను ఫోనులో లెక్కలేనన్ని వీడియోలు చూశాను. విజిల్ కొన్నాను, తలుపుకి అదనపు గొళ్ళెం కొన్నాను, ఎక్కడున్నానో ఇంట్లోవాళ్ళకి తెలిసేలా లొకేషన్ పెట్టుకున్నాను. చివరికి వీటిలో పనికొచ్చింది ఆ జేబు ఒక్కటే.

ఇక్కడ ఆవిడ పేరు గురించి చెప్పాలి. మా తాత పెట్టిన పేరు రమణమ్మ. మా వాళ్ళ నోట్లో అది రవణమ్మ అయింది. ఒడియావాళ్ళు ‘వ’ని ‘బ’ అంటారు. ఎప్పుడో ఆధార్ కార్డు చేసినాయన చెవికి వినపడింది వినపడినట్టు ‘రబణ అమ్మ’ అని కొట్టేశాడు. వాళ్ళకి రావణుడు కూడా రాబణుడే. అలా రెండు భాషలు కలిసి జాకెట్లు కుట్టుకునే ఆడమనిషిని లంకకి పౌరురాలిని చేశాయి. ఊళ్ళో ఎవరికీ దానితో పని పడలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

నేను టికెట్లు బుక్ చేస్తుంటే అత్త పక్కనే కూర్చుంది. “రవణమ్మ అని కొట్టకమ్మీ. ఇమానంలో నగుతారు. రమణమ్మ అని కొట్టు. మా నాయిన పెట్టిన పేరు అదే కదా.”

కొట్టాను. తెర మీద తన పేరు చూసుకుని, వేలితో ఒకసారి తడిమింది.

విశాఖ విమానాశ్రయం గుమ్మం దగ్గర జవాను టికెట్ చూశాడు, కార్డు చూశాడు, అత్త మొహం చూశాడు. రమణమ్మ ఎవరు అన్నాడు. ఈవిడే అన్నాను. మరి ఈ రబణ ఎవరు అన్నాడు. ఈవిడే అన్నాను. నా జీవితంలో నేను వేసిన జోకులకి నవ్వనివాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ నిజం చెబితే అంత గంభీరంగా చూసినవాడు అతనొక్కడే. కౌంటరు దగ్గరికి పరిగెత్తాను. అక్కడ కూడా కుదరదన్నారు. మర్యాదగానే అన్నారు.

అత్త కొత్త చీరలో, చేతిలో సంచితో, గాజు తలుపుకి ఇవతల నిలబడి ఉంది. ఇంటికెళ్ళిపోదాం అన్నాను.

“నీ టికెట్‌కేటొచ్చింది? నువ్వెల్లు.”

“నువ్వెలాగెల్తావత్తా?”

“పార్వతీపురం బస్సెక్కీగల్ను. నాకేటి కాల్లు లేవా?” సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది. దాని మీద రకరకాల నీలం దారాలు వరసగా చుట్టి ఉన్నాయి, ఒక్కోదాని పక్కన నంబరు. “లోతు నీల్ల పక్కన పెట్టి సూడు. ఒడ్డున కాదు. ఏ నంబరో నాకు సెప్పు.”

తర్వాత నా జేబు జిప్పు సరిగ్గా వేసి ఉందో లేదో తడిమి చూసింది.

“సూడమ్మీ. ఒక్కర్తివే వొచ్చేవేటి అని ఎవుడైనా అడిగితే ఔనని సెప్పకు. మాయత్త ఎనకాల వస్తన్నాది అని సెప్పు.”

“అబద్ధం కదత్తా.”

“అబద్ధమేటి? కార్డు బాగుసేయించుకుని వస్తాను కదా. వచ్చీదాన్ని వస్తన్నాది అంటే తప్పేటి?”

నేను గాజు తలుపు అవతలికి వెళ్ళి వెనక్కి చూస్తే, బేగి ఎల్లు అన్నట్టు చెయ్యూపింది.

సాయంత్రానికి నేను పోర్ట్ బ్లెయిర్‌లో దిగాక అత్త ఫోను చేసింది. “ఇంటికొచ్చీసేను. దార్లో ఎవుడూ నన్నెత్తుకుపోలేదు. మీ నాన్న అరుస్తన్నాడు, అరవనీ. పూచీ నాదే అని సెప్పీసేను.” ఆవిడ ఒంటరిగా చేసిన మొదటి ప్రయాణం అది. గొంతులో గర్వం దాచుకోవడం ఆవిడకి చేతకాలేదు.

పోర్ట్ బ్లెయిర్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. దేశం చివరికి, సముద్రం నడుమకి, పరాయి లోకానికి వచ్చానని నేను ఒళ్ళు పులకరించుకుంటూ బయటికొస్తే, ఆటో అతను “ఏటమ్మా, మనూరేనా?” అన్నాడు. టెక్కలి పక్క. కూరగాయలావిడ సోంపేట. సముద్రం దాటినా శ్రీకాకుళం దాటలేకపోయాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మర్నాడు ఫెర్రీలో ఒక చిన్న దీవికి వెళ్ళాను. లోతు నీళ్ళు అప్పుడే చూడాల్సింది. కానీ దారంతా తల సంచిలో పెట్టుకుని వాంతులు చేసుకున్నాను కాబట్టి నేను చూసిన రంగు వేరు. దీవిలో నేను దిగిన ఇంటావిడ పేరు నూకరత్నం గారు. ఆవిడ తాతలదీ మా వైపే. ఆ దీవిలో ఫోను సిగ్నల్ లేదు. ఆవిడ ఇంట్లో సాయంత్రాలు కాసేపు వైఫై వచ్చేది. నా లొకేషన్ పోర్ట్ బ్లెయిర్ రేవులోనే ఆగిపోయి ఉంది. అంటే వీడియోల ప్రకారం నేను అక్కడే సురక్షితంగా నిలబడి ఉన్నాను.

ఆ తర్వాతి రోజు నడినెత్తిన ఎండ ఉండగా ఒక్కదాన్నే బీచికి వెళ్ళాను. మామూలు బీచి. వెనక చెట్లు, మూసేసిన ఒక కొబ్బరిబోండాల బండి, పడుకున్న కుక్క. ఒడ్డున నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. అట్టముక్క నీళ్ళ దగ్గర పెట్టి చూశాను. ఏ దారమూ కలవలేదు.

ఒకతను వచ్చాడు. టోపీ, శుభ్రమైన చొక్కా, మంచి హిందీ. ఏం చేస్తున్నారని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు. అట్టముక్క చేతిలోకి తీసుకుని శ్రద్ధగా చూశాడు. ఆ నీలం ఇక్కడ ఉండదు, ఆ రాళ్ళు దాటితే ఉంటుంది, నా పడవ ఉంది, ఇలా వెళ్ళి అలా వచ్చేద్దాం అన్నాడు. నన్ను చూసి నవ్వనివాళ్ళు తక్కువ కాబట్టి, నవ్వనివాణ్ణి మంచివాడనుకున్నాను.

ఒంటరిగా వచ్చారా అని అడిగాడు.

అత్త చెప్పిన వాక్యం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఉద్యోగం చేసుకుంటూ నా ఖర్చుతో సముద్రం దాటివచ్చిన మనిషిని, మా అత్త వస్తోంది అని చెప్పుకోవడం నామోషీ అనిపించింది. అవును, ఒంటరిగానే అన్నాను. గర్వంగానే అన్నాను. గదిలో ఎవరూ ఎదురుచూడరా అని కూడా అడిగాడు. లేదన్నాను. పడవ నడపడానికి ఆ వివరం అవసరం లేదని ఇప్పుడు తెలుస్తోంది.

అతను నా బ్యాగు తీసుకుని పడవలో పెట్టాడు. చిన్న మోటారు పడవ. లైఫ్ జాకెట్లు లేవు, వేరే ప్రయాణికులు లేరు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలోకి దిగాను. ఒక చెయ్యి పడవ అంచు మీద వేశాను.

“మ్మీ.”

వెనక నుంచి. చెట్ల వైపు నుంచి.

నిజం చెబుతున్నాను, నాకు భయం వేయలేదు, ఆశ్చర్యం కూడా వేయలేదు. ఎవరో శ్రీకాకుళం ఆవిడ కూతుర్ని పిలుస్తోంది అనుకున్నాను. అక్కడ అంతా మనవాళ్ళే కదా. కానీ అలవాటు చొప్పున కాళ్ళు ఆగిపోయాయి. మూడోసారి దాకా పలక్కూడదు, అటు చూడకూడదు. గుండీలు తెమ్మన్నప్పుడు ఆగినట్టే ఆగాను.

అతను రండి మేడం, ఎండగా ఉంది అన్నాడు.

“మ్మీఽఽ.”

ఈసారి నా భుజం వెనకే. చివర సాగింది. కోపం వచ్చినప్పుడు సాగే సాగుడు. పళ్ళ మధ్య దారం బిగించి పిలిస్తే వచ్చే ఆ ముక్కుగొంతు. నా పుస్తకాల సంచి మరిచిపోయి బడికి పోతుంటే వెనక వచ్చిన గొంతు అది.

నా నోట్లోంచి నేను అనుకోకుండానే మాట వచ్చింది. హిందీలో. “ఆగండి. మా అత్త వెనకాల వస్తోంది.”

అతను నవ్వుతూ నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. నవ్వు అలాగే కాసేపు మొహం మీద ఉంది. తర్వాత లేదు.

“ఒంటరిగా వచ్చానన్నావు కదా” అన్నాడు.

అప్పటిదాకా నన్ను మీరు అన్నాడు. అప్పుడు నువ్వు అన్నాడు. చూపు మాత్రం నా మీద లేదు. నా వెనక, నాకంటే కొంచెం పొట్టి మనిషి మొహం ఎక్కడ ఉంటుందో అక్కడ ఉంది. మా అత్త నా భుజం దాకా వచ్చేది.

నేను బ్యాగు ఇవ్వండి అన్నాను. ఇవ్వకపోయినా నిలబడగలిగేదాన్ని, ఎందుకంటే ఫోను, కార్డు లోపలి జేబులో ఉన్నాయి. కానీ అతను ఇచ్చాడు. విసరలేదు. పడవ దిగి, తల వంచుకుని వచ్చి, తడవని ఇసుకలో జాగ్రత్తగా పెట్టాడు. వెళ్ళి మోటారు తిప్పుకుని పోయాడు.

అప్పుడు వెనక్కి తిరిగాను. మూసేసిన బండి. చెట్లు. కుక్క లేచి నిలబడి, తోక ఊపుతూ ఉంది. నా వైపు కాదు. అలాగని ఎవరి వైపో చెప్పలేను. అక్కడెవరూ లేరు.

నేను ఇసుకలో కూర్చున్నాను. మూడోసారి పిలుపు కోసం. ఎంతసేపు కూర్చున్నానో చూసుకోలేదు. దయ్యం వస్తుందని ముందే తెలిస్తే గడియారం దగ్గర పెట్టుకునేదాన్ని.

మూడోసారి పిలవలేదు.

గదికి తిరిగొచ్చి నూకరత్నం గారితో పడవ సంగతి మాత్రం చెప్పాను, పిలుపు సంగతి చెప్పలేదు. ఆవిడ అన్నం వడ్డిస్తూ ఆగిపోయారు.

“టోపీయా? తెల్ల సొక్కావా? పడవెక్కనేదు కదా?”

“లేదండి.”

“ఆడిది పడవ వేపారం కాదమ్మా. పోయిన తూరి ఒక పిల్ల ఏడ్సుకుంటూ పోయింది. కేసు పెట్టమన్నాం, పెట్టలేదు, పరువని ఎలిపోయింది.” కూర గిన్నె కింద పెట్టారు. “ఎవులు సెప్పేరు నీకు ఎక్కొద్దని?”

“మా అత్త” అన్నాను. అత్త ఫోనులో చెప్పిందనుకున్నారు నూకరత్నం గారు. ఆ దీవిలో సిగ్నల్ లేదన్న సంగతి ఆవిడకే గుర్తు రాలేదు. అన్నం తిన్నాక నన్ను వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళి, వాడి ఆనవాళ్ళు నా చేత చెప్పించారు.

సాయంత్రం వైఫై రాగానే అత్తకి ఫోను చేద్దామని కూర్చున్నాను. ఈ కథ చెబితే ఎంత గొప్పలు పోతుందో, ఊరందరికీ జాకెట్‌తో పాటు ఎలా కుట్టి ఇస్తుందో ఊహించుకుంటూ. అంతలో నాన్న ఫోను వచ్చింది. అప్పటికి చాలాసార్లు చేశాడట.

“అమ్మీ. తిన్నావేటి?”

“తిన్నాను నాన్నా. అత్తకివ్వు.”

అవతల ఎవరో ఏడుస్తున్నారు. అమ్మ అయి ఉంటుంది.

“అత్త ఎలిపోయిందే.”

ఎక్కడికి అని అడిగాను. ఎంత తెలివైన ప్రశ్న అడిగానో చూడండి.

మిషను మీదే ఒరిగిపోయిందట. మధ్యాహ్నం బడి అన్నాల గంట కొట్టాక, జాకెట్ తీసుకోవడానికి టీచరమ్మ వచ్చి, నిద్రపోతోందనుకుని భుజం తట్టిందట. గుండె అని డాక్టరు చెప్పాడు. చెప్పడానికి ఇబ్బంది పడుతూ నాన్న ఒక మాట అన్నాడు. “దారం ఇంకా నోట్లోనే ఉన్నాదంట.”

నేను పిలుపు సంగతి ఆయనకి చెప్పలేదు. అప్పుడే బయల్దేరతానన్నాను. ఆయన వద్దన్నాడు.

“రాత్రి పూట ఒక్కర్తివీ ఎక్కడికీ కదలకు. తెల్లారేక బయల్దేరు. నీ కోసం ఉంచలేమమ్మీ, ఎండలు. దానికి సెప్పీసేను నువ్వు వస్తన్నావని.” మళ్ళీ అన్నాడు. “అది తీసుకున్న నీ పూచీ ఇంక నా మీదున్నాది. జాగ్రత్తగా రా.”

మర్నాడు ఫెర్రీలో పైకెక్కి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. ఈసారి వాంతులు రాలేదు. నడిసముద్రంలో అట్టముక్క తీసి నీళ్ళ పక్కన పెట్టి చూశాను. కింది నుంచి రెండో దారం. అచ్చంగా అదే. కాసేపు దారం ఏదో నీళ్ళు ఏవో తెలియలేదు. నంబరు చదివాను. ఎవరికి చెప్పాలో తోచక పక్కన నిలబడ్డ పెద్దాయనకి చెప్పాను. ఆయన సీటు నంబరు అనుకుని లోపలికి దారి చూపించాడు.

ఫెర్రీ దగ్గర ఒకావిడ, చెన్నైలో విమానం మారేచోట ఒకాయన, విశాఖ బస్టాండులో టీ అమ్మే అతను, అందరూ అదే అడిగారు. ఒక్కదానివే వెళ్తున్నావా? పాపం, చాలామంది మంచితోనే అడిగారు. అందరికీ ఒకే జవాబు చెప్పాను. మా అత్త వెనకాల వస్తోంది.

పార్వతీపురం మీదుగా వెళ్ళే బస్సులో కండక్టరుకీ అదే చెప్పాను. నోరు అలవాటు పడిపోయింది.

“అయితే ఇద్దరికా?” అన్నాడు.

అతనికి ఏమని వివరించాలి? అవునన్నాను. రెండు టికెట్లు కొట్టి ఇచ్చాడు. బస్సు కిటకిటలాడుతోంది. నా పక్క సీట్లో దారంతా ఎవరూ కూర్చోలేదు. టికెట్ ఉన్న సీటు కాబట్టి అందులో వింతేమీ లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. ముందుగదిలో మిషను మీద దుప్పటి కప్పారు. సూది కింద టీచరమ్మ జాకెట్ చెయ్యి సగం కుట్టి ఆగిపోయి ఉంది. దాన్ని అమ్మ పూర్తి చేసింది, అంత బాగా రాలేదు. టీచరమ్మ అదే వేసుకుని పదో రోజుకి వచ్చింది.

ఇప్పుడు వివరణలు. నేనే అన్నీ ఆలోచించాను, మీకు శ్రమ అక్కర్లేదు. ఆ దీవిలో మా వైపు జాలర్లున్నారు. వల బాగుచేసేవాళ్ళు కూడా పళ్ళ మధ్య దారం పెట్టుకుంటారు. అలాంటి ఆడమనిషి ఎవరో చెట్ల వెనక కూర్చుని తన కూతుర్ని పిలిచి ఉండొచ్చు. ఇది చాలా మంచి వివరణ, నాకు బాగా నచ్చింది. నూకరత్నం గారిని ఫోనులో అడిగితే, ఆ ఒడ్డున వలలు ఎవరూ ఎండెయ్యరమ్మా, రాళ్ళు కదా అన్నారు.

ఆ టోపీవాడు ఏదో అలికిడి విని ఎవరో వస్తున్నారనుకుని జారుకుని ఉండొచ్చు. అదీ బాగుంది. కానీ అలికిడికి ఎవరూ తల వంచుకుని బ్యాగు తెచ్చి ఇవ్వరు. అతనేం చూశాడో అతన్నే అడగాలి. పోలీసులకి దొరికితే నా తరఫున అది కూడా అడగమని చెప్పాను. వాళ్ళు రాసుకోలేదు.

సమయం సరిగ్గా కలిసిందా అంటే, బడి గంటకీ నా ఎండకీ మధ్య సముద్రం ఉంది. నేను ప్రమాణం చెయ్యలేను. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ గొంతు నాకు తెలుసు. ఆవిడ ఇంటి దగ్గర కుర్చీలో ఉంది, నేను నీళ్ళలో ఉన్నాను, ఎవరో నన్ను పడవ ఎక్కనివ్వలేదు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. లారీ షెడ్డులో ఇప్పటికీ అక్కడే క్యారేజీ తింటున్నాను. అక్కడి దయ్యాన్ని ఇప్పటికీ నమ్మను.

ఒకటి మాత్రం మింగుడుపడదు. ఆవిడ పిలిచింది, నేను పలకలేదు. ఆవిడ నేర్పినట్టే పలకలేదు. ఏటే పలకవేటి అని ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. ఆఫీసులో కుర్చీ వెనక ఏ చప్పుడైనా వింటే ఇప్పుడు మొదటిసారికే ఓయ్ అంటున్నాను. మా మేనేజరు నాకు చెవుడు తగ్గిందనుకుంటున్నాడు.

విమానాశ్రయం నుంచి ఇంటికొచ్చిన మర్నాడే అత్త కార్డులో పేరు మార్పించడానికి గునుపూర్ వెళ్ళి కాగితాలు ఇచ్చొచ్చిందట. కొత్త కార్డు ఆవిడ మాసికం నాటికి పోస్టులో వచ్చింది. రమణమ్మ అని సరిగ్గానే ఉంది. నాన్న దాన్ని ఫోటో పక్కన పెట్టాడు.

ఈ అనుభవం నుంచి ప్రయాణం చేసే ఆడవాళ్ళకి ఏం చెబుతారని స్నేహితులు అడుగుతుంటారు. టికెట్ బుక్ చేసేటప్పుడు పేరు కార్డులో ఎలా ఉంటే అలాగే కొట్టండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎక్కనివ్వరు.